పాత కమర్షియల్ కాంప్లెక్స్‌ని నలుగురూ చేరే చోటుగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మధ్య_హాల్:

అందరికీ నమస్కారం. మా కాంప్లెక్స్ కట్టి నలభై ఏళ్లు దాటింది. గ్రౌండ్ ఫ్లోర్, దానిమీద మూడు అంతస్తులు. మధ్యలో పైకప్పు దాకా ఖాళీగా ఉండే పెద్ద హాలు, దాని చుట్టూ వరండాలు, వరండాల వెంట షాపులు. గ్రౌండ్ ఫ్లోర్ బాగానే నడుస్తోంది: టైలరు, వాచీల రిపేరు, జిరాక్స్, కళ్లజోళ్ల షాపు. మొదటి అంతస్తులో సగం షట్టర్లు ఎప్పుడూ దించే ఉంటాయి. ఆ పై రెండూ దాదాపు ఖాళీ. ఒకప్పుడు కంప్యూటర్ శిక్షణ సంస్థలు, ఇన్సూరెన్స్ ఆఫీసులు ఉండేవి, ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఎస్కలేటర్ ఆగిపోయింది. హాలు పైకప్పు అద్దాలకు ఎవరో ఎప్పుడో నల్ల పెయింట్ వేశారు, పట్టపగలు కూడా లోపల చీకటే.

షాపులు విడివిడిగా అమ్మేశారు కాబట్టి యజమాని ఒక్కరు కాదు. యజమానుల సంఘం ఉంది, నేను కమిటీలో సభ్యురాలిని. కమిటీలో ఎక్కువమంది ఆలోచన ఏమిటంటే ముందు భాగమంతా ఏసీపీ షీట్లు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల నడుమ వేరే పొర ఉండే షీట్లు), గాజు వేయించి కొత్తగా కనిపించేలా చేయడం, పై అంతస్తులో ఫుడ్ కోర్ట్ పెట్టడం.

నాకు అది నచ్చడం లేదు. సాయంత్రం పూట కాలేజీ పిల్లలు మెట్లమీద కూర్చుని చదువుకుంటారు, ఎందుకంటే అక్కడ ఒక ట్యూబ్‌లైటు ఎప్పుడూ వెలుగుతుంది. వాచీల రిపేరు షాపు ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రోజూ చేరతారు. హాల్లో చిన్నపిల్లలు స్కేటింగ్ చేస్తుంటే వాచ్‌మన్ తరిమేస్తాడు, మళ్లీ వస్తారు. అంటే జనానికి ఈ చోటు కావాలి, మేమే వెళ్లగొడుతున్నాం. లైబ్రరీ, నాటక రిహార్సల్ గది, పిల్లల క్లాసులు, వృద్ధులు కూర్చునే చోటు, ఇలాంటివి రావాలని నా ఆశ.

చేతిలో ఉన్న డబ్బు తక్కువ. మొదట దేనికి ఖర్చు పెట్టాలి? బిల్డింగ్ ఇంత మార్పు తట్టుకుంటుందా? అద్దె తప్ప ఇంకో మాట వినని యజమానులను ఎలా ఒప్పించాలి?

కాలమ్_బీమ్:

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. బిల్డింగ్ గురించి అడిగారు కాబట్టి అంతవరకే చెబుతాను.

ఆఫీసు కోసం కట్టిన స్లాబ్‌ని సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 250 కిలోల లైవ్ లోడ్‌కి, అంటే దానిమీదికి వచ్చే మనుషులు, సామాన్ల బరువుకి డిజైన్ చేస్తారు. జనం గుంపుగా నిలబడే, కదిలే హాలుకైతే చాలా దేశాల కోడ్‌లు దాదాపు 500 కిలోలు అడుగుతాయి. పుస్తకాల బీరువాలు వరుసగా నింపితే అంతకంటే ఎక్కువే. కాబట్టి లైబ్రరీని మూడో అంతస్తులో పెట్టాలనుకుంటే ముందే ఆగండి, అది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాల్సిన వస్తువు. చదువుకునే బల్లలు పైన ఉండొచ్చు, పుస్తకాల బరువు కింద ఉండాలి. నాట్యం క్లాసులకు బరువొక్కటే కాదు, అందరూ ఒకే తాళానికి అడుగు వేస్తే వచ్చే ఊపు కూడా లెక్కలోకి వస్తుంది.

పాత డ్రాయింగులు ఉంటే వెతికి పెట్టండి. లేకపోతే రీబౌండ్ హామర్ పరీక్ష (కాంక్రీటు మీద కొట్టి గట్టిదనం అంచనా వేయడం), కొన్ని చోట్ల కోర్, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క తీసి బలం చూడటం, కడ్డీలు ఎక్కడ ఎంత లోతున ఉన్నాయో స్కాన్ చేయించడం, ఇవి తప్పనిసరి. స్లాబ్ కింద పెచ్చులు ఊడిన చోట కడ్డీ తుప్పుపట్టిందని అర్థం, పైన ప్లాస్టర్ పూసి వదిలేయకండి. టాయిలెట్ల కింద, ఎక్స్‌పాన్షన్ జాయింట్ల (బిల్డింగ్ భాగాల మధ్య కావాలని వదిలిన సందుల) దగ్గర, వాననీటి పైపులు దిగే చోట ముందు చూడండి. పాత ఫాల్స్ సీలింగ్, పైపుల చుట్టూ చుట్టిన పదార్థం పగలగొట్టే ముందు ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉందేమో పరీక్ష చేయించాలి.

ఇక ఏసీపీ. దాని నడుమ ఉండే పొర పాలిథిలిన్ అయితే మంట నిలువుగా ఎగబాకుతుంది. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది ప్రాణాలు పోవడానికి ముఖ్య కారణం అలాంటి షీట్లే. అందం కోసం అతికించే షీటు గురించి మీ కమిటీ అడగాల్సిన మొదటి ప్రశ్న లోపలి పొర ఏమిటని. అదీగాక వరండాలు, కిటికీలు మూసేస్తే మంట వచ్చినప్పుడు పొగ పోవడానికి దారి ఉండదు.

ఆఫీసు వాడకం నుంచి సభల వాడకానికి మారితే ఫైర్ నిబంధనలు కూడా మారతాయి. మెట్ల వెడల్పు, రెండో దారి, తలుపు ఎటు తెరుచుకోవాలి, ఇవన్నీ మళ్లీ లెక్కకట్టాలి. చాలా ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే.

వసారా:

కాలమ్_బీమ్ గారు చెప్పింది చేయించాక నేను చెప్పేది చదవండి. ఖాళీ మార్కెట్లు, మూతపడ్డ షోరూములు, పాత గోడౌన్లలో కార్యక్రమాల నిర్వహణ నా పని. ఇంటీరియర్ మీద అంత డబ్బు పోసి రిబ్బన్ కత్తిరించాక, ఆరు నెలలకే మళ్లీ బోసిపోయిన చోట్లు కొన్ని చూశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: ముందు భాగం ముట్టుకోకండి. ఇప్పటికే అక్కడికి వచ్చేవాళ్లను నిలబెట్టుకోవడంతో మొదలుపెట్టండి.

మీ మెట్లమీది పిల్లలు, వాచీల షాపు ముందు పెద్దవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, మీ డిజైన్ వాళ్ల దగ్గరే ఉంది. బ్రెజిల్‌లోని సావో పావ్లోలో సెస్క్ పొంపేయా అనే ఆటల, కళల కేంద్రం ఉంది. అది పాత డ్రమ్ముల ఫ్యాక్టరీ. 1970ల చివర్లో ఆర్కిటెక్ట్ లీనా బో బార్డి మొదటిసారి వెళ్లినప్పుడు పాత కాంక్రీటు కట్టడం ఆమెకు నచ్చింది. మళ్లీ ఒక వారాంతంలో వెళ్తే పిల్లలు బంతి ఆడుతున్నారు, తల్లులు, పెద్దవాళ్లు షెడ్ల మధ్య తిరుగుతున్నారు. ఈ సందడి ఇలాగే ఉండాలి అనుకుని ఫ్యాక్టరీని కూల్చకుండా ఉంచింది. గోడల మీది పూత తీసేసి ఇటుకను బయటపెట్టింది. పెద్ద షెడ్డులో గోడలు కట్టలేదు. నేలలోనే వంపులు తిరిగే నీటి మడుగు, ఒక పక్క పెద్ద నెగడు పెట్టింది, చుట్టూ చదువుకునేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు, ఊరికే కునుకు తీసేవాళ్లు. ఆ భాగం 1982లో తెరిచారు, ఆటల టవర్లు 1986లో వచ్చాయి. పని జరిగినన్నాళ్లూ ఆమె ఆఫీసు ఆ ఆవరణలోనే ఉండేది. ఆ చివరి విషయం మీ కమిటీకి చెప్పండి. డిజైన్ చేసేవాళ్లు వారానికి కొన్ని గంటలైనా హాల్లో బల్ల వేసుకుని కూర్చోవాలి, పనికి పెట్టుకునేటప్పుడే ఆ షరతు పెట్టండి.

మీ చేతిలో ఉన్న కాస్త డబ్బుతో నేనైతే ఈ వరసలో వెళ్తాను. పైకప్పు అద్దాల మీది నల్ల పెయింట్ గీకించండి. దీన్ని మించిన మొదటి ఖర్చు నాకు తోచడం లేదు. పక్క కిటికీ నుంచి వచ్చే వెలుతురు, కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు రెండున్నర రెట్ల లోతు వరకే పనికొస్తుంది. లోతైన పాత కమర్షియల్ బిల్డింగులు నడుమ చీకటిగా ఉండేది అందుకే. మీకు నడుమ నుంచి వెలుతురు దిగే దారి బిల్డరే ఇచ్చాడు. కొన్నిచోట్ల ఆ దారి కోసం స్లాబులు కోస్తారు! అద్దాలు పాతవి కాబట్టి పగిలినా మనుషుల మీద పడకుండా ఉండే లామినేటెడ్ అద్దం వేయించాల్సి రావచ్చు. వేడి ఎక్కువైతే పైన కదిలే పరదాలు కట్టొచ్చు, పెయింట్ మాత్రం వద్దు.

తర్వాత టాయిలెట్లు. దీని గురించి ఎవరూ ఉత్సాహంగా మాట్లాడరు, ఏ ఆర్కిటెక్టూ ఫోటో పెట్టుకోడు. కానీ ఆడవాళ్లు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలున్న తల్లులు ఒక చోట గంటకు మించి ఉంటారా లేదా అన్నది తేల్చేది టాయిలెట్టే. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి, తాళం వేసి ఉండకూడదు, "తాళంచెవి ఎక్కడుంది" అని ఎవర్నీ అడగాల్సిన అవసరం రాకూడదు. వీల్‌చెయిర్ తిరిగేంత జాగా ఉండాలి. శుభ్రం చేసేవాళ్ల జీతం సంఘం నెలవారీ ఖర్చులో మొదటి పద్దుగా రాసుకోండి.

ఆ తర్వాత కుర్చీలు. నేలకు బిగించిన బెంచీలు కాదు, జరుపుకోగలిగే కుర్చీలు. నలుగురు వస్తే నలుగురు గుండ్రంగా వేసుకుంటారు, ఒంటరిగా ఉండాలనుకున్నవాళ్లు ఓ మూలకి లాక్కెళ్తారు. ఎవరైనా ఎత్తుకుపోతారని అందరూ భయపడతారు. ఒకటి రెండు పోతే పోనివ్వండి.

ఎస్కలేటర్ బాగుచేయించకండి, ఆ డబ్బు లిఫ్టులో పెట్టండి. ఆగిపోయిన ఎస్కలేటర్ ఎక్కనివ్వకండి కూడా, దాని మెట్ల ఎత్తు మామూలు మెట్లలా సమానంగా ఉండదు, జనం తడబడతారు. తీసేస్తే ఆ జాగాలో వెడల్పైన కూర్చునే మెట్లు కట్టొచ్చు. చదువుకునే పిల్లలకు అదే చోటు. అటువైపు నాలుగు లైట్లు ఎక్కువ పెట్టండి.

ఖాళీ గదులన్నీ ఒకేసారి తెరిచే ప్రయత్నం వద్దు. నెదర్లాండ్స్‌లోని టిల్బర్గ్‌లో 1930ల నాటి రైలింజన్ల షెడ్డును లోక్‌హాల్ అనే లైబ్రరీగా 2019లో తెరిచారు. అంత పెద్ద హాలుని గోడలతో విడగొట్టకుండా పైనుంచి కింది దాకా దిగే పెద్ద పెద్ద గుడ్డ పరదాలు పెట్టారు. ఉదయం సభ, సాయంత్రం క్లాసు, పరదా జరిపితే కొత్త గది. మీ హాలుకి ఇది సరిగ్గా సరిపోతుంది, మంటకు తట్టుకునే గుడ్డ అయితే చాలు. హాల్లో మాట మార్మోగుతుంది కదా, పరదా ఆ శబ్దాన్నీ కొంత మింగుతుంది.

ఫుడ్ కోర్ట్ మీద ఒక్కమాట. తినడానికి ఏదో ఒకటి ఉండాలి, కాదనను. కానీ పై అంతస్తులో వంటగదులు అంటే ఎగ్జాస్టు, గ్యాసు, డ్రైనేజీ, అన్నీ కొత్తగా వేయాలి. అదీగాక డబ్బు ఖర్చుపెట్టినవాళ్లకే కుర్చీ దొరికే చోటు అవుతుంది. కింద ద్వారం దగ్గర ఒక చిన్న కౌంటర్ చాలు.

మధ్య_హాల్:

పెయింట్ సంగతి అసలు ఎవరికీ తట్టలేదండీ. రేపే నిచ్చెన వేయించి చూస్తాను.

అసలు టెన్షన్ యజమానులతో. మొదటి అంతస్తు షట్టర్లలో చాలావాటి యజమానులు వేరే ఊళ్లలో ఉంటారు. "మంచి అద్దె వచ్చేదాకా ఖాళీగానే ఉండనీ, ఎవరికైనా ఇస్తే మళ్లీ ఖాళీ చేయరు" అంటారు. ఆ భయం పూర్తిగా తప్పని కూడా అనలేను. వాళ్లకు ఏం చెప్పాలి?

వసారా:

ఆ భయాన్ని కాదనకుండా దానికి తగ్గ కాగితం తయారు చేయండి. ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ అనే ఊళ్లో నడిబొడ్డు వీధులు ఇలాగే మూతపడి ఉంటే, 2008లో మార్కస్ వెస్ట్‌బరీ రెన్యూ న్యూకాజిల్ అని ఒక సంస్థ పెట్టాడు. యజమానుల నుంచి ఖాళీ షాపులు తీసుకుని కళాకారులకు, చేతిపనుల వాళ్లకు, చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు ఇచ్చేవాడు. లీజు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే, అదీ ముప్పై రోజులకోసారి పొడిగించుకునేది. యజమానికి అద్దెదారు దొరికితే ఆ గడువు ఇచ్చి షాపు వెనక్కి తీసుకునే వీలుండేది. ఊడదీయలేని మార్పులు చేసేవారు కాదు. ఇన్సూరెన్స్ సంగతి కూడా రెన్యూ న్యూకాజిల్ వాళ్లే చూసుకునేవారు. యజమానికి వెంటనే అద్దె వచ్చేది కాదు, కానీ షాపు తుడిచి, లైటు వేసి, గాజు వెనక ఏదో జరుగుతూ ఉండేది, పక్క షాపు విలువ కూడా పడిపోయేది కాదు. అలా ఇచ్చిన కొన్ని షాపులకు తర్వాత మామూలు అద్దెదారులు వచ్చారు.

మీరు అందరినీ ఒకేసారి ఒప్పించాలని చూడొద్దు. పక్కపక్కనే ఉన్న మూడు షట్టర్లు దొరికితే చాలు, విడివిడిగా పది దొరికినదానికంటే అదే మేలు. మెట్లు ఎక్కగానే ఎదురుగా ఉండేవే అడగండి. సంతకం ఒక్కొక్కరితో కాకుండా సంఘం పేరున పెట్టించండి, ఊరికి దూరంగా ఉన్న యజమానికి ముక్కూముఖం తెలియని ఒక కుర్రాడి మీద నమ్మకం రాదు, సంఘం మీద వస్తుంది. కాగితాన్ని మీ ఊరి అద్దె చట్టం తెలిసిన లాయర్‌కి చూపించాకే వాడండి, వేరేచోటి నమూనా యథాతథంగా పనిచేయదు.

ఇంకో సంగతి. పెద్ద బిల్డింగులకు కూడా ఈ ఓపిక పనికొచ్చింది. అమెరికాలోని మెంఫిస్‌లో సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ 1927లో కట్టిన భారీ గోడౌన్-షోరూము 1993లో మూతపడి దాదాపు పాతికేళ్లు ఖాళీగా ఉంది. 2017లో క్రాస్‌టౌన్ కాంకోర్స్ పేరుతో మళ్లీ తెరిచారు. అందులో క్లినిక్, హైస్కూలు, అపార్ట్‌మెంట్లు, కళాకారుల స్టూడియోలు ఉన్నాయి. పని మొదలవకముందే అక్కడి కళా సంస్థ ఆ చుట్టుపక్కల కార్యక్రమాలు పెట్టి మనుషులకు ఆ వైపు రావడం అలవాటు చేసింది. క్లినిక్ ముఖ్యం, గమనించండి. రోజూ వేళకి జనాన్ని తెచ్చేది కచేరీ కాదు, డాక్టరు, ట్యూషను, ఫిజియోథెరపీ. మీ పై అంతస్తులకు అలాంటివాళ్లని ఇద్దరు ముగ్గురిని వెతకండి, వాళ్లిచ్చే అద్దె మీద మీ రిహార్సల్ గది నిలబడుతుంది.

గ్రౌండ్‌ఫ్లోర్_టైలర్:

నేను వేరే కాంప్లెక్స్‌లో బట్టలు కుట్టేవాడిని, మీలాంటి కథే అక్కడ జరిగింది. మా వైపు మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను.

మొదట బాగుంది. బొమ్మలు గీశారు, పాటలు పాడారు, శని ఆదివారాలు నడవడానికి చోటు లేనంత జనం. మాకూ బేరం పెరిగింది. రెండో ఏడు అద్దె కాగితం మార్చేటప్పుడు యజమాని "ఇప్పుడు ఈ చోటికి డిమాండ్ ఉంది" అన్నాడు. జిప్పులు మార్చే అతను పోయాడు, గొడుగులు బాగుచేసే ఆయన పోయాడు. ఆ గదుల్లో ఇప్పుడు సువాసన కొవ్వొత్తులు అమ్ముతున్నారు. మా పాత గిరాకీ అక్కడికి రావడానికి మొహమాటపడుతున్నారు. ఈ అమ్మాయి కాంప్లెక్స్‌లో వాచీల షాపు ముందు కూర్చునే పెద్దవాళ్లు, రేపు ఆ షాపే లేకపోతే ఎక్కడ కూర్చుంటారు?

పండగ చేయకండి అనను. మా పేర్లు కూడా కాగితంలో రాయండి.

వసారా:

ఈయన మాట అందరికంటే విలువైనది. లండన్ కోవెంట్ గార్డెన్ చరిత్ర చూడండి. కూరగాయలు, పువ్వుల మార్కెట్ 1974లో వేరే చోటికి వెళ్లిపోయింది. ఆ ప్రాంతంలో చాలా భాగం కూల్చి రోడ్లు, ఆఫీసులు కట్టాలన్న ప్లానును అక్కడ నివసించేవాళ్లే పోరాడి ఆపారు. పాత మార్కెట్ బిల్డింగ్‌ని బాగుచేసి 1980లో తెరిచారు. బిల్డింగ్ మిగిలింది, జనం ఈనాటికీ కిక్కిరిసి ఉంటారు. కానీ ఇప్పుడు ఎక్కువ భాగం టూరిస్టుల కోసం, పెద్ద బ్రాండ్ల కోసం నడుస్తోంది. కాపాడినవాళ్లు కోరుకున్నది అది మాత్రమే కాదు.

మధ్య_హాల్ గారూ, డబ్బు ఖర్చుపెట్టే ముందే, అంటే అద్దెలు పెరగడానికి కారణం పుట్టకముందే, ఇప్పుడున్న అద్దెదారులతో కాగితం రాయించండి. కొన్నేళ్లదాకా అద్దె ఏటా ఇంతకు మించి పెరగదని, పనుల కోసం షాపు మూయాల్సి వస్తే అదే వరుసలో వేరే గది ఇస్తారని. ఒక్కో యజమాని ఒక్కోలా ఉన్న మీ పరిస్థితిలో అందరూ సంతకం పెట్టకపోవచ్చు. అప్పుడు సంఘం ఖర్చుతో అయ్యే మెరుగుదల ఏదైనా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల వరుసలోనే చేయండి. లైట్లు, బోర్డులు, నేల, అన్నీ. మిగతావాళ్లు అడుగుతారు, అప్పుడు కాగితం చూపించండి.

కమిటీలో అద్దెదారుల తరఫున ఒకరికైనా ఓటు ఉండాలి. వాచ్‌మన్‌ని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. ఏ వేళ ఎవరు వస్తారో, ఏ మూల తడి నిలుస్తుందో, రాత్రి ఏ తలుపు సరిగ్గా పడదో ఆయనకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. ఇవాళ పిల్లల్ని తరిమేది కూడా ఆయన ఇష్టం కాదు, ఎవరో అలా చెప్పారు కాబట్టి.

మధ్య_హాల్:

టైలర్ గారూ, మీ మాట కమిటీలో ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తాను. పేర్లు రాయడం దగ్గర నేను పట్టుబడతాను.

ఇవాళ ఉదయం నిచ్చెన వేయించాను. ఒక అద్దం మీద జానెడు మేర గీకితే కిందున్న జిరాక్స్ షాపతను బయటికొచ్చి తల పైకెత్తి చూశాడు, "అంతా తీసేస్తారా" అని అడిగాడు. అద్దాల చుట్టూ ఉన్న ఇనుప ఫ్రేము మాత్రం చాలాచోట్ల తుప్పు పట్టింది, వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడుతోంది. కాలమ్_బీమ్ గారూ, కొత్త అద్దం ఈ ఫ్రేము మీదే వేయొచ్చా, ఫ్రేము కూడా మార్చాలా?

కాలమ్_బీమ్:

వేలికే ఊడుతుంటే ఆ ఫ్రేము ఇనుము మీద కొత్త అద్దం వేయొద్దు, లామినేటెడ్ అద్దం పాతదానికంటే బరువు కూడా ఉండొచ్చు. ఇక గీకడం ఆపండి. పెయింటే కొన్ని పగుళ్లను పట్టి ఉంచుతూ ఉండొచ్చు. మనిషిని ఎక్కించే ముందు హాలు నడుమ భాగానికి తాడు కట్టి జనాన్ని రానివ్వకండి, అద్దాల కింద వల కట్టించండి. ఫ్రేము స్లాబ్‌లోకి దిగే నాలుగు మూలల ఫోటోలు, ఒక అద్దం కొలతలు, మందం ఇక్కడ పెట్టండి. మొత్తం మార్చాలా, మూలల వరకు బలపరిస్తే చాలా అన్నది అవి చూసి చెబుతాను.